తాతగారి త్రీనాట్‌త్రీ రైఫిల్‌ని బాగుచేయించాలా, విడిభాగాలుగా విడదీయాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో హలసూరు చెరువుకు దగ్గర్లో మాకో చిన్న వర్క్‌షాప్ ఉంది. పాత చెక్క సామాను బాగుచేయడం మా పని. సైన్యంలోని ఇంజినీర్ల దళం మద్రాస్ సాపర్స్ సెంటర్ ఇక్కడే ఉంది. చిత్తూరు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చి ఫౌజులో చేరి, రిటైరయ్యాక ఇక్కడే ఇళ్ళు కట్టుకున్న తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళ మనవళ్ళు, మనవరాళ్ళు అటక సర్దుతుంటే ఎప్పుడైనా ఒక పాత రైఫిల్ బయటపడుతుంది. గొట్టం మూసేసి, పేలకుండా చేసి, ఎవరో జ్ఞాపికగా ఇచ్చింది. అప్పుడు మాకు ఫోన్ చేస్తారు. పదేళ్ళుగా అడుగుతున్నవాళ్ళకి చెబుతున్న జవాబులనే ఇక్కడ రాస్తున్నాను. నేను చేసేది చెక్క పని మాత్రమే. ఇనుము జోలికి వెళ్ళను, దానికి లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ ఉండాలి.

అటక మీద రైఫిల్ దొరికింది. మొదట ఏం చేయాలి?

అందులో గుండు ఉందనే అనుకోండి. గొట్టం మనుషుల వైపు తిప్పకండి, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి. పిల్లల్ని ఆ గదిలోంచి పంపేయండి. పక్కన తూటాలు గానీ, తూటాల పెట్టె గానీ కనిపిస్తే వాటిని కదపకండి. ఆ తర్వాత మీ ఏరియా పోలీస్ స్టేషన్‌కి గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్‌కి గానీ ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దుప్పట్లో చుట్టి ఆటోలో స్టేషన్‌కి తీసుకెళ్ళే సాహసం మాత్రం వద్దు. వాళ్ళు వచ్చి చూస్తారు, లేదా ఎలా తేవాలో చెబుతారు. ఫోటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా కాస్త ఆపండి. ఆ ఫోటో ఎక్కడెక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు.

ఇది డీయాక్టివేట్ చేసిన, అంటే పేలకుండా చేసిన రైఫిల్. లైసెన్స్ అక్కర్లేదు కదా?

అందరూ ఈ ప్రశ్నను తేలిగ్గా అడుగుతారు. జవాబు అంత తేలిక కాదు.

మన ఆయుధాల చట్టం 1959 నాటిది. అందులో 45వ సెక్షన్ కొన్నిటికి మినహాయింపు ఇస్తుంది. పాతకాలపు నమూనా ఆయుధం, పురావస్తువుగా విలువున్నది, పాడైపోయింది అయితే మినహాయింపు దొరకొచ్చు. కానీ ఒక షరతు ఉంది: బాగుచేసినా, చేయకపోయినా అది తుపాకీగా పనికిరానిది అయ్యుండాలి. ఆ 'బాగుచేసినా' అన్న మాట దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. గొట్టంలో ఒక సీసం ముక్క కొట్టి మూసేస్తే ఇవాళ అది పేలకపోవచ్చు. ఆ ముక్క తీస్తే పేలుతుందంటే, అది బాగుచేస్తే పనిచేసే తుపాకీయే. అలాంటప్పుడు మినహాయింపు వర్తించదు.

పైగా త్రీనాట్‌త్రీ (.303 అంగుళాలు), 7.62 మిల్లీమీటర్ల లాంటివి మన దగ్గర నిషిద్ధ బోర్ కిందికి వస్తాయి. బోర్ అంటే గొట్టం లోపలి కొలత. మామూలు పౌరులకు వాటి లైసెన్స్ దొరకడం చాలా కష్టం. లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీస శిక్షే రెండేళ్ళ జైలు. అందుకే అమ్మినవాళ్ళు నోటితో చెప్పిన మాటను, 'మా నాన్న ఎప్పుడో చేయించాడు' అన్న నమ్మకాన్ని పట్టుకుని కూర్చోకండి. బెంగళూరులో, చెన్నైలో లైసెన్స్ వ్యవహారాలు చూసేది పోలీస్ కమిషనర్ ఆఫీసు. అది తుపాకీగా పనికిరాదని అక్కడి నుంచి రాతపూర్వకంగా కాగితం వచ్చేదాకా బాగుచేయడం, విడదీయడం అన్న చర్చే మొదలుపెట్టకండి. మా వర్క్‌షాప్ గడప దాటాలంటే ముందు ఆ కాగితం చూపించాలి. దగ్గరివాళ్ళకైనా ఇందులో మినహాయింపు లేదు.

మెటల్ మీద 'డీపీ' అని ముద్ర ఉంది. అది చాలదా?

చాలదు. డీపీ అంటే డ్రిల్ పర్పస్. కవాతు నేర్పడానికి మాత్రమే వాడాలి, కాల్చకూడదు అని అర్థం. వాటిలో కొన్నిటికి తూటా కూర్చునే ఛాంబర్‌లో రంధ్రం వేసి ఉంటుంది, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ కోసేసి ఉంటుంది. కొన్ని మాత్రం గొట్టం అరిగిపోయిందని ముద్ర వేసి పక్కన పెట్టినవి, అంతకు మించి వాటికి ఏమీ చేయలేదు. ఎన్‌సీసీ కుర్రాళ్ళ చేతుల్లో ముప్పై ఏళ్ళు నలిగిన రైఫిల్ కాబట్టి ప్రమాదం లేదనుకోవద్దు.

సరే, కాగితం వచ్చింది. బాగుచేయించాలో, విడదీయాలో ఎలా తేల్చుకోవాలి?

నేను ముందు చూసేది నంబర్లు. మన ఇళ్ళలో దొరికేవాటిలో ఎక్కువ భాగం బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ రకాలే. 1907లో వచ్చిన మార్క్ త్రీ, తయారీ సులువయ్యేలా దాన్ని మార్చి 1916లో తెచ్చిన స్టార్ గుర్తు మార్క్ త్రీ, తర్వాత బెంగాల్‌లోని మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైనవి. ఈ రైఫిళ్ళలో ఒకే సీరియల్ నంబరు చాలాచోట్ల కొట్టి ఉంటుంది: రిసీవర్ (గొట్టం వెనక, బోల్ట్ కదిలే ఇనుప భాగం) మీద, గొట్టం మీద, బోల్ట్ (తూటాను లోపలికి తోసే కడ్డీ) పిడి వెనక, ముందు కొసనున్న నోస్‌క్యాప్ అనే ఇనుప తొడుగు కింద, గురి చూసే సైట్ పలక అడుగున, ముందు చెక్క కొసన. ఇవన్నీ కలిశాయంటే ఫ్యాక్టరీలో ఒకచోట చేరిన ముక్కలు ఇప్పటికీ విడిపోలేదన్నమాట. అలాంటి రైఫిల్‌ని ఎంత దీనంగా ఉన్నా విడదీయకూడదు. ఈ మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను. చెక్క పగిలితే అతికించొచ్చు, తుప్పును ఆపొచ్చు. విడిపోయిన జోడీని మళ్ళీ వెతికి కలపడం మాత్రం ఎవరివల్లా కాదు.

తర్వాత మడమకు, అంటే భుజానికి ఆనించే వెనక చెక్కకు ముందున్న ఇనుప పట్టీ మీద కుడివైపు చూడండి. కిరీటం బొమ్మ, రాజు పేరు పొడి అక్షరాలు, ఫ్యాక్టరీ పేరు, ఏడాది ఉంటాయి. ఇంగ్లండ్‌లో చేసినవాటి మీద 'జీఆర్' ఉంటే, ఇషాపూర్‌వాటి మీద 'జీఆర్ఐ' ఉంటుంది. ఆ చివరి అక్షరం చక్రవర్తి అన్న బిరుదుకు గుర్తు. స్వాతంత్ర్యం వచ్చాక కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి. ఒకే ఫ్యాక్టరీ, ఒకే రైఫిల్, ముద్ర మాత్రం మారింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఐదేళ్ళ కిందట కేఆర్ పురం నుంచి ఒక అబ్బాయి పోలీసు కాగితాలన్నీ సరిచేసుకుని ఒక రైఫిల్ తెచ్చాడు. ఎవరో దాని మీద మందంగా నల్ల పెయింట్ పూశారు. 'ఇది పనికిరాదన్నా, చెక్క మాత్రం తీసి గోడకు పెట్టుకుందామనుకుంటున్నాం' అన్నాడు. నోస్‌క్యాప్ కింద పెయింట్‌ను కొంచెం మెత్తబరిచి తుడిస్తే నంబరు కనిపించింది. బోల్ట్ మీద చూస్తే అదే. సైట్ పలక కింద చూస్తే అదే. అప్పుడు మడమ చివర ఉన్న ఇత్తడి మూత తెరిచాం. లోపల గొట్టం తుడిచే తాడు చుట్ట, చిన్న ఇత్తడి నూనె సీసా అలాగే ఉన్నాయి. ఆ సీసా బిరడా తిప్పి వాళ్ళ నానమ్మకు చూపించాడట. ఆమె వాసన చూసి 'మీ తాత ట్రంకుపెట్టె వాసన' అందట. ఆ రైఫిల్‌ని మేం విడదీయలేదు.

నంబర్లు కలవలేదు. అంటే విలువ లేనట్టేనా?

కాదు. మన ఆయుధాగారాల్లో రైఫిళ్ళను పూర్తిగా విప్పి, సరిచేసి, పాత నంబరు కొట్టేసి కొత్తది కొట్టడం మామూలే. కొట్టేసిన నంబరు పక్కన కొత్త నంబరు ఉంటే అది ఆ రైఫిల్ ఇండియాలో చేసిన నౌకరీకి ఆనవాలు. అలాగే ముందు చెక్కకు అడ్డంగా ఒక స్క్రూ కనిపిస్తే కంగారు పడకండి. చెక్క పగలకుండా ఇషాపూర్‌లో వేసిన బలం అది. గొట్టం చుట్టూ రాగి తీగ చుట్టి ఉంటే అది గ్రెనేడ్లు విసరడానికి సిద్ధం చేసిన రైఫిల్. ఆ తీగను చెత్త అనుకుని విప్పేసినవాళ్ళను చూశాను. చాలా బాధేసింది.

మరి విడదీయడం ఎప్పుడు సరైన నిర్ణయం?

మూడు లోపాలు ఒకే రైఫిల్‌లో కలిసినప్పుడు. నంబర్లు ఏవీ కలవకూడదు. రిసీవర్‌ను తుప్పు గుంటలు పడేలా తినేసి ఉండాలి. ముందు చెక్కను ఎవరో వేట తుపాకీలా కనిపించాలని రంపంతో సగానికి కోసేసి ఉండాలి. ఈ మూడూ ఉంటే దాన్ని నిలబెట్టడానికి పెట్టే డబ్బు, కాలం వృథా. దానిలో మిగిలిన మంచి చెక్క, స్లింగ్ (భుజానికి తగిలించుకునే పట్టీ) కొక్కేలు, మడమ పలక ఇంకో రైఫిల్‌కి ప్రాణం పోస్తాయి.

ఒక పాత స్కూల్లో పన్నెండు డీపీ రైఫిళ్ళు వానలో నానిన గదిలో పడి ఉంటే చూడమన్నారు. అన్నిటికీ నంబర్ల పట్టిక రాశాం. నాలుగింటికి నంబర్లు పూర్తిగా కలిశాయి, వాటిని అలాగే ఉంచాం. ఐదు ఫరవాలేదు. మూడు మాత్రం పైన చెప్పిన స్థితిలో ఉన్నాయి. ఆ మూడింటి చెక్క ఐదింటికి సరిపోయింది. ఏ ముక్క ఏ నంబరు రైఫిల్ నుంచి వచ్చిందో ఒక చీటీ రాసి, మడమలోని గూట్లో పెట్టి మూత వేశాం. యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా తెరిస్తే వాళ్ళకు నిజం తెలియాలి కదా.

విడదీశాక మిగిలిన రిసీవర్, గొట్టం, బోల్ట్‌లను పాత ఇనుము అంగడిలో వేయకూడదు. వాటిని పోలీసుల ద్వారా గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారా గానీ ధ్వంసం చేయించి రసీదు తీసుకోవాలి. ఆ స్కూలుకు ఈ ఒక్క పనికే ఏడు నెలలు పట్టింది.

విడిభాగాలు ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చా?

తొందరపడకండి. చట్టంలో తుపాకీ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే దాని భాగాలు కూడా ఉన్నాయి. చిన్నాచితకా భాగాలకు 45వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది గానీ, అవి మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశంతో ఉన్నవి కాకూడదు. కొనేవాడి ఇంట్లో ఏముందో, వాడి ఉద్దేశమేంటో మీకెలా తెలుస్తుంది? అమ్మకానికి, బదిలీకి, రిపేరుకు కూడా లైసెన్స్ కావాలని 5వ సెక్షన్ చెబుతోంది. బోల్ట్, రిసీవర్, గొట్టం, ట్రిగ్గర్ భాగాల గురించి ఆలోచనే వద్దు. చెక్క, తోలు స్లింగ్ లాంటివైనా ముందు డీలర్‌ని అడిగి, అవునంటేనే ఇవ్వండి.

సినిమావాళ్ళు అడుగుతున్నారు. షూటింగ్‌కి ఇస్తే తప్పేముంది?

కాగితం మీ పేరున ఉంటే బాధ్యత మీదే. వాళ్ళకు ఫైబర్‌తో, చెక్కతో చేసిన నకళ్ళు చక్కగా సరిపోతాయి. కావాలంటే మీ రైఫిల్ కొలతలు తీసుకోనివ్వండి. మార్క్ త్రీ పొడవు దాదాపు 113 సెంటీమీటర్లు, బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువ. అసలు వస్తువును మాత్రం ఇల్లు దాటించకండి.

గొట్టంలోని ప్లగ్గు తీయించి, వెల్డింగ్ గీకించి అసలు రూపానికి తేవచ్చా?

వద్దు. అది బాగుచేయడం కాదు, కొత్తగా తుపాకీ తయారుచేయడం. చట్టం కూడా దాన్ని అలాగే చూస్తుంది. ఈ పని అడిగినవాళ్ళకు నేను చెక్క పని కూడా చేయను.

ఇంట్లో నేనే స్క్రూలు విప్పి చూడొచ్చా?

దయచేసి వద్దు. పని నేర్చుకునే రోజుల్లో నా చేతుల మీదుగా జరిగిన నష్టం చెబుతాను. మడమ కొంచెం ఊగుతోందని, మడమ లోపలున్న పొడవాటి బోల్టును స్క్రూడ్రైవర్‌తో తిప్పాను. ఆ బోల్టు ముందు కొస నలుచదరంగా ఉండి, ముందు చెక్క వెనకున్న చిన్న పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందు చెక్క తీయకుండా మడమ బోల్టు తిప్పితే ఆ చదరపు కొస చెక్కను లోపలి నుంచి చీల్చేస్తుంది. 'టక్' మని చిన్న చప్పుడు వచ్చింది. డెబ్భై ఏళ్ళు నిలిచిన చెక్క నా చేతుల్లో రెండుగా చీలింది. అతికించాం గానీ, ఆ గీత నా కళ్ళకు ఇప్పటికీ కనిపిస్తుంది. మొదట ముందు చెక్క తీయాలి, తర్వాతే మడమ. ఈ వరస తెలియనివాళ్ళ చేతికి రైఫిల్ ఇవ్వకండి.

చెక్కను ఎలా బాగుచేస్తారు? ఉప్పు కాగితంతో రుద్ది వార్నిష్ వేస్తే సరిపోదా?

ఉప్పు కాగితం ముట్టించొద్దు. చెక్క మీద తనిఖీ ముద్రలు, ఆయుధాగారం నంబర్లు, కొన్నిట్లో దళం గుర్తు ఉంటాయి. ఒక్క పూట రుద్దితే అవన్నీ పోతాయి. చెక్క అంచులు గుండ్రమై, ఇనుము మీద నుంచి కిందికి జారినట్టు కనిపిస్తాయి. అలా రుద్దిన రైఫిల్‌ని పది అడుగుల దూరం నుంచే గుర్తుపట్టొచ్చు.

మేం చేసేది ఇది. ముందు మెత్తని గుడ్డతో జిడ్డు తీస్తాం. నొక్కుకుపోయిన చోట తడిగుడ్డ వేసి, దాని మీద వేడి ఇస్త్రీపెట్టె కొసను రెండు మూడు సెకన్లు ఆనిస్తాం. ఆవిరి లోపలికి వెళ్ళి అణిగిన నార ఉబ్బుతుంది, గుంట పైకి లేస్తుంది. నార తెగి ముక్క ఊడిపోయిన చోట ఇది పనిచేయదు, దాన్ని అలాగే వదిలేస్తాం. చివర్లో ఉడికించని అవిసె నూనె. సైన్యంలో వాడిందీ అదే. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని చెక్క వెచ్చబడేదాకా చేత్తోనే రుద్దాలి. మిగిలింది పొడిగుడ్డతో తుడిచేసి రెండు మూడు రోజులు ఆరనివ్వాలి, మళ్ళీ రుద్దాలి. ఒక రైఫిల్‌కి ఆరు వారాలు పడితే అందులో నాలుగు వారాలు ఆరడానికే. వానాకాలంలో ఇంకా ఎక్కువ.

అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకండి. అది ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండగా ఉంటే ఆ వేడి బయటికి పోక, నిప్పు లేకుండానే అంటుకుంటుంది. గుడ్డను బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళ బకెట్‌లో ముంచి ఉంచండి.

ఇనుము తుప్పు పట్టింది. మళ్ళీ నల్లగా పాలిష్ చేయిస్తే?

ఎర్రగా పొడిలా రాలే తుప్పును తీయాలి. గోధుమ రంగులో గట్టిగా అంటుకుపోయి ఉన్నది వందేళ్ళ వయసు, దాన్ని ఉంచాలి. తేలికపాటి నూనె, చాలా సన్నని స్టీల్ ఊల్, ఓపిక ఉంటే చాలు. పాత రాగి నాణెం అంచుతో గీకితే తుప్పు లేస్తుంది, ఉక్కుకు గాటు పడదు. వెనిగర్‌లో నానబెట్టకండి, తుప్పుతో పాటు అసలు నలుపు కూడా పోతుంది. కొత్తగా బ్లూయింగ్ చేయిస్తే మెరుస్తుంది గానీ ముద్రలు పలచబడతాయి. ఇనుము పనంతా గన్‌స్మిత్ దగ్గరే.

లండన్‌లో ఉన్న బావగారు డీయాక్టివేట్ చేసిన రైఫిల్ పంపిస్తానంటున్నారు. తెప్పించుకోవచ్చా?

అక్కడి కాగితం ఇక్కడ చెల్లదు. బ్రిటన్‌లో 1988 చట్టం తర్వాత ప్రూఫ్ హౌస్ (తుపాకులను పరీక్షించే సంస్థ) సర్టిఫికెట్‌తో ఇవి మామూలుగా అమ్ముడవుతాయి. 2016లో యూరప్ నియమాలు కఠినమయ్యాక బోల్ట్ కూడా కదలకుండా వెల్డ్ చేస్తున్నారు. అందుకే అక్కడ పాత పద్ధతిలో చేసినవాటిని సేకర్తలు ఎక్కువ ఇష్టపడతారు. ఇవన్నీ ఆ దేశపు సంగతులు. మన కస్టమ్స్‌కి అది ఆయుధమే. ముందస్తు అనుమతి లేకుండా లగేజీలో పెడితే విమానాశ్రయంలోనే కేసు.

ఇక్కడి నుంచి అక్కడికి పంపడం ఇంకా చిక్కు. వందేళ్ళు దాటిన వస్తువులు 1972 పురావస్తువుల చట్టం కిందికి రావొచ్చు, వాటిని వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. 1917 అని ముద్ర ఉన్న రైఫిల్ ఆ వయసు ఎప్పుడో దాటింది.

మాకు రెండూ వద్దు. ఇంట్లో ఉంచుకునే టెన్షన్ కూడా వద్దు.

అప్పుడు పోలీస్ స్టేషన్‌లో గానీ డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయండి. 21వ సెక్షన్ ఆ దారి చూపిస్తుంది. మీ తాతగారి రెజిమెంటుకు రాసి అడగడం ఇంకా మంచిది. సాపర్స్‌కి బెంగళూరులోనే సొంత మ్యూజియం ఉంది. ఇచ్చేటప్పుడు ఆయన సర్వీస్ నంబరు, ఫోటో, జ్ఞాపికగా ఇచ్చిన ఉత్తరం కూడా కలిపి ఇవ్వండి. ఉత్తరం లేకపోతే ఆ రైఫిల్ ఎవరి చేతిలో తిరిగిందో చెప్పేవాళ్ళు ఉండరు.

బాగుచేయించాక ఎలా ఉంచాలి?

తోలు కవర్లో, ప్లాస్టిక్‌లో వద్దు, రెండూ చెమ్మను పట్టి ఉంచుతాయి. చెన్నైలో సముద్రపు గాలికి ఉప్పు తోడవుతుంది, అక్కడ నెలకోసారి నూనె గుడ్డతో తుడవాలి. బెంగళూరులో రెండు నెలలకోసారి చాలు గానీ చెదలు చూసుకోండి. బయటి గోడకు వేలాడదీయొద్దు. గాజు తలుపున్న, తాళం ఉన్న పెట్టెలో అడ్డంగా పెట్టి, కమిషనర్ ఆఫీసు కాగితం నకలు పక్కనే ఉంచండి.

దాంతో పాటు బాయొనెట్ (తుపాకీ కొసన బిగించే కత్తి) కూడా ఉంది.

దాని గురించీ పోలీసులకు అప్పుడే చెప్పండి. బాయొనెట్ కూడా చట్టం దృష్టిలో ఆయుధమే.

మడమ మీద ఎవరో మేకుతో గీసినట్టు తెలుగులో 'వెం' అని ఉంది. తాతయ్య పేరు వెంకటేశులు. అది తీసేయించాలా?

తీయించకండి. గీతల్లో పేరుకున్న నల్లటి మురికిని కూడా తీయించకండి, అక్షరం కనిపిస్తున్నది దానివల్లే. నూనె రుద్దేటప్పుడు ఆ చోట వేలు ఆనీ ఆననట్టు పోనిచ్చి వదిలేయమని పనివాళ్ళకు చెప్పండి. నా దగ్గరికి వస్తే నేను చేసేదీ అదే.